క్లచ్ ప్లేటుకు కిలోమీటర్లు తెలియవు

కడపలో మేం బండ్లు బాగుచేయించుకునే షెడ్డులో పోయిన ఎండాకాలం రెండు క్లచ్ ప్లేట్లను ఒకే బల్ల మీద పక్కపక్కన చూశాను. రెండూ ఒకే మోడల్ టర్బో పెట్రోల్ కార్లవి, అంటే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో ఊదే టర్బో ఉన్నవి. ఒకటి మా వీధి కుర్రాడిది. బెంగళూరులో ఉద్యోగం, దాదాపు ప్రతి వారం మదనపల్లె, రాయచోటి మీదుగా ఇంటికి వచ్చిపోతుంటాడు. అక్కడ ఆఫీసుకు మెట్రోలో వెళతాడు, కారు శని ఆదివారాలకే బయటికి తీస్తాడు. బండిని గట్టిగా తోలతాడని వాళ్ళమ్మ దగ్గర్నుంచి అందరూ కోప్పడేవాళ్ళే. ఆ కారు 94,000 కిలోమీటర్లు తిరిగింది. దాన్ని విప్పింది క్లచ్ కోసం కాదు. గేర్‌బాక్సులో బేరింగు శబ్దం చేస్తోందని దించారు, ఎలాగూ దించాం కదా అని ప్లేటు బయటికి తీసి చూశారు.

రెండోది మా మేనమామది. బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. స్పీడోమీటరు ముల్లును 80 దాటనివ్వడు. ఆయన కారు 31,000 కే ఎత్తు ఎక్కలేక మొరాయించింది.

కుర్రాడి ప్లేటు మీద రాపిడి పొర ఇంకా సగానికి పైగా ఉంది. పొరలో కోసిన గాళ్ళు వేలికి తగులుతున్నాయి. మామ ప్లేటు మీద గాళ్ళు లేవు. నల్లగా, నున్నగా గాజుపెంకులా మెరుస్తోంది. రివెట్ల తలలు పైకి తేలి, దాన్ని నొక్కిపట్టే ఇనుప ప్రెజర్ ప్లేటును గీసిపెట్టాయి. ఆ ప్రెజర్ ప్లేటు మీద అక్కడక్కడా నెమలికంఠం రంగు మచ్చలు. ఇనుము ఆ రంగు తిరిగిందంటే ఆ చోట దాదాపు 300 డిగ్రీల దాకా కాగిందని అర్థం.

“నేనెప్పుడన్నా రేసు తోలినానా భాయ్?” అని మామ బాధగా అడిగాడు. ఆ మేస్త్రీని ఊరంతా భాయ్ అనే పిలుస్తుంది.

“స్పీడుకు పోయింది కాదు సార్ ఇది, హాఫ్ క్లచ్‌కు పోయింది. ఘాట్‌లో లారీ ఎనకాల ఆగినప్పుడు హ్యాండ్‌బ్రేకు ఏస్తారా, క్లచ్ మీదనే ఆపుకుంటారా?”

మామ జవాబు చెప్పలేదు. ప్లేటును చేతిలో తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాడు.

“ఈ కారు క్లచ్ ఎన్ని వేలు వస్తుందన్నా?” అని కొత్తగా టర్బో కారు కొన్న ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఆ ప్రశ్నలో కొలబద్దే తప్పు. ఒకే కంపెనీ, ఒకే ఇంజను, ఒకే ప్లేటు. ఒకరి చేతిలో 30,000, ఇంకొకరి చేతిలో లక్ష. ఇంత తేడా టైర్లలో రాదు, బ్రేకు ప్యాడ్లలో కూడా అరుదు. ఎందుకు వస్తుందో తెలియాలంటే ప్లేటు ఏ క్షణాన అరుగుతుందో ముందు చూడాలి.

ఇంజను వైపు ఫ్లైవీలు, దానికి ఎదురుగా ప్రెజర్ ప్లేటు. ఈ రెండు ఇనుప ముఖాల మధ్యలో గేర్‌బాక్సు ఇరుసుకు తగిలించిన క్లచ్ ప్లేటు. డయాఫ్రమ్ స్ప్రింగు ఈ మూడింటినీ కలిపి నొక్కిపెడుతుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగు ఆ స్ప్రింగు మధ్య వేళ్ళను నెట్టి పట్టు వదిలిస్తుంది. అంతే యంత్రం. పట్టు పూర్తిగా ఉన్నప్పుడు మూడూ ఒకే ముద్దలా తిరుగుతాయి, వాటి మధ్య రాపిడే ఉండదు. పెడల్ పూర్తిగా తొక్కి ఉంచినప్పుడు ప్లేటు విడిపోయి ఉంటుంది, అప్పుడూ రాపిడి ఉండదు. ఈ రెంటికీ మధ్యలో, ఇంజను ఒక వేగంతో, గేర్‌బాక్సు ఇంకో వేగంతో తిరుగుతూ ఒకదాన్నొకటి పట్టుకోవడానికి ప్రయత్నించే ఆ కొద్ది క్షణాల్లోనే ప్లేటు అరుగుతుంది. ఆ స్థితికే మనవాళ్ళు హాఫ్ క్లచ్ అని పేరు పెట్టారు.

అంటే కుర్రాడు ఐదో గేరులో వంద కిలోమీటర్లు ఆగకుండా వచ్చినా, ఆ వంద కిలోమీటర్లలో ప్లేటు వెంట్రుకవాసి కూడా అరగదు. మామ అప్సర సర్కిల్ దాకా వెళ్ళి కూరగాయలు తెచ్చుకుంటే అరుగుతుంది.

ఇది ఊరికే అనడం కాదు. ఒకరోజు పొద్దున కూర్చుని లెక్కపెట్టాను. ఏడు రోడ్ల కూడలి నుంచి రైల్వే స్టేషన్‌కు వెళ్ళి తిరిగి రావడానికి నా కారు ఆగి మళ్ళీ కదిలింది 23 సార్లు. మొత్తం నాలుగు కిలోమీటర్ల తిరుగుడు. అదే కడప నుంచి బెంగళూరుకు 260 కిలోమీటర్ల దాకా ఉంటుంది, నగరంలోకి దూరకముందు ఆగి కదిలేది మహా అయితే యాభై సార్లు. టౌన్‌లో సగటున కిలోమీటరుకు మూడు సార్లే అనుకున్నా, మామ 31,000 కిలోమీటర్లలో బండిని 93,000 సార్లు కదిలించాడు. కుర్రాడి 94,000 కిలోమీటర్లలో ఆ లెక్క 18,000 దగ్గర ఆగుతుంది. మీటరు మీద మామ బండి మూడో వంతే తిరిగింది. క్లచ్ మాత్రం ఐదు రెట్లు పనిచేసింది.

ఒక గ్లాసు నీళ్ళు మరిగేంత వేడి

కదలికల సంఖ్య సగం కథే. ఒక్కో కదలికలో ఎంత వేడి పుడుతుందన్నది మిగతా సగం. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. నాకు ఇది తెలిసిన రోజు నుంచి నా ఎడమ కాలి అలవాటే మారిపోయింది.

చదునైన రోడ్డు మీద, ఇంజనును ఒకే ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర పట్టి ఉంచి, క్లచ్ వదులుతూ బండిని కదిలించారనుకోండి. ఇంజను ఇచ్చిన శక్తిలో సరిగ్గా సగం బండి కదలడానికి పోతుంది. మిగతా సగం ప్లేటు దగ్గర వేడిగా మారుతుంది. పెడల్‌ను మెల్లగా వదిలినా, గబుక్కున వదిలినా ఆ సగం సగమే. కాబట్టి ప్లేటులో పుట్టే వేడి ఎంతంటే, క్లచ్ పూర్తిగా పట్టుకునే వేళకు బండికి ఎంత చలనశక్తి వచ్చిందో అంత. చలనశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. ఆర్‌పీఎం రెట్టింపు చేస్తే వేడి నాలుగు రెట్లు, మూడింతలు చేస్తే తొమ్మిది రెట్లు.

మనుషులతో కలిపి 1,200 కిలోల కారును తీసుకుందాం. మొదటి గేరులో ప్రతి 1,000 ఆర్‌పీఎంకు 8 కిలోమీటర్ల వేగం అనుకుందాం, చాలా కార్లలో ఆ చుట్టుపక్కలే ఉంటుంది. 1,500 దగ్గర వదిలితే బండి గంటకు 12 కిలోమీటర్ల దగ్గర కలుస్తుంది, పుట్టే వేడి 6.7 కిలోజౌళ్ళు. 3,000 దగ్గరైతే 27. స్నేహితులు చూస్తున్నారని 4,500 దగ్గర వదిలితే 60.

ఈ 60 కిలోజౌళ్ళు ఎంతో కంటికి కనిపించేలా చెప్పాలంటే, కుండలో ఉన్న నీళ్ళు ఒక గ్లాసు తీసుకుని మరిగించడానికి సరిపోయేంత. ఆ వేడంతా రెండు మూడు సెకండ్లలో, అప్పడం లాంటి పలచని పొర మీద పుడుతుంది. ఒక్కో వైపు అరగడానికి పనికొచ్చే మెటీరియల్ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు. దాని కింద రివెట్లు. ఒక మనిషి ఒక కారుతో పదేళ్ళ పాటు ఎలా మెలిగాడన్నది ఆ ఒకటిన్నర మిల్లీమీటరులోనే రాసి ఉంటుంది.

ఇదే లెక్క రెండో గేరుకు వేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆగి ఉన్న బండిని రెండో గేరులో లేపడం మన దగ్గర చాలామందికి అలవాటు, ముఖ్యంగా డీజిల్ బండ్ల మీద నేర్చుకున్నవాళ్ళకు. రెండో గేరులో 1,000 ఆర్‌పీఎంకు 14 కిలోమీటర్లు ఉంటే, అదే 1,500 దగ్గర వదిలినా పుట్టే వేడి మొదటి గేరు కంటే మూడు రెట్లు. బండి మెత్తగా కదిలినట్టు అనిపిస్తుంది. ఆ మెత్తదనం ఖరీదు ప్లేటు కడుతుంది. నలుగురు మనుషులు ఎక్కినా, డిక్కీలో బియ్యం మూటలు వేసినా వేడి బరువును బట్టి మాత్రమే పెరుగుతుంది. ఆర్‌పీఎం లాగా వర్గం కట్టుకుని పెరగదు.

గువ్వలచెరువు దగ్గర పదిహేను సెకండ్లు

కడప నుంచి రాయచోటి వెళ్ళే 40వ నంబరు జాతీయ రహదారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కినవాళ్ళకు నేను చెప్పబోయేది కళ్ళకు కడుతుంది. సరుకుతో ఉన్న లారీ ముందు ముక్కుతూ ఎక్కుతుంటుంది. మలుపులో ఎదురు బండి వస్తే ఆగుతుంది. వెనక కారు, దాని వెనక ఇంకో కారు. పైన పాలకోవా అంగళ్ళ దాకా ఇదే వరస. లారీ ఒక అడుగు కదిలితే మనం ఒక అడుగు, లారీ ఆగితే మనం ఆగడం. చాలామంది బ్రేకు తొక్కరు. క్లచ్‌ను సగం వదిలి, యాక్సిలరేటరు కొంచెం ఇచ్చి, బండిని ఎత్తులో గాల్లో నిలబెట్టినట్టు పట్టుకుంటారు. అలా నిలబెట్టడం డ్రైవింగు చేతనైనవాడికి గుర్తు అని మా చిన్నప్పుడు అనుకునేవాళ్ళం.

పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు అనుకుందాం. అదే 1,200 కిలోల బండి వెనక్కి జారకుండా పట్టాలంటే దాదాపు 1,180 న్యూటన్ల బలం కావాలి. ఇంజను 1,500 దగ్గర తిరుగుతోంది, చక్రాలు కదలడం లేదు. అంటే ఇంజను ఇచ్చే పనిలో సగం కాదు, మొత్తం ప్లేటు దగ్గరే వేడవుతుంది. లెక్క కడితే దాదాపు 4 కిలోవాట్లు. ఇంట్లో బాత్‌రూం గీజర్లు రెండు కలిపి క్లచ్ డబ్బాలో పెట్టి వేసినట్టు. పదిహేను సెకండ్లు అలా పట్టుకుంటే 60 కిలోజౌళ్ళు.

ఆ అంకె ఇంతకుముందే చూశాం. 4,500 దగ్గర చేసే రేసు స్టార్టుకు అయ్యే వేడి అది. ఘాట్‌లో లారీ వెనక పదిహేను సెకండ్లు క్లచ్ మీద నిలబడటం, చప్పుడు చేసుకుంటూ రేసు స్టార్టు తీయడం ప్లేటుకు ఒకటే. తేడా ఒక్కటే. రేసు స్టార్టు తీసినవాడికి తానేం చేశాడో తెలుసు, రోజుకు ఇరవై సార్లు తీయడు. ఘాట్‌లో మామ అర గంటలో ఇరవై సార్లు తీశాడు, ఏసీ వేసుకుని, పాత పాటలు వింటూ, తాను జాగ్రత్తగా పోతున్నానన్న నమ్మకంతో. అందుకే ఆయన ముఖం చూస్తే ఆ రోజు నాకు జాలేసింది. తప్పు చేస్తున్నానని తెలియని తప్పు అది, ఎవరూ ఆయనకు చెప్పలేదు.

కుర్రాడూ వారం వారం ఎక్కేది ఆ ఘాటే. అతన్ని అడిగితే ఒక మాట చెప్పాడు. లారీ కదిలిన వెంటనే తాను కదలడట. హ్యాండ్‌బ్రేకు వేసి, ముందు రెండు మూడు బండ్ల ఖాళీ ఏర్పడే దాకా ఆగి, అప్పుడు మొదటి గేరులో ఒక్కసారిగా కదిలి పెడల్ మీది నుంచి కాలు పూర్తిగా తీసేస్తాడు. వెనకవాళ్ళు హారన్ కొడతారు, కొట్టనీ అంటాడు. ఇరవై సార్లు అడుగేసే చోట నాలుగు సార్లు కదులుతాడు. ఇందులో ఇంకో సూక్ష్మం ఉంది. యాక్సిలరేటరు తొక్కకుండా మొదటి గేరులో బండి తనంతట తాను నడిచే వేగం ఆరేడు కిలోమీటర్లు. లారీ అంతకంటే మెల్లగా పోతుంటే దాని వెనకే అంటిపెట్టుకుని పోవడం క్లచ్ జారకుండా సాధ్యం కాదు. ఖాళీ వదలడమొక్కటే దారి. మొదటి గేరు పొడవుగా పెట్టిన కార్లలో ఆ కనీస వేగం ఇంకా ఎక్కువ, కాబట్టి బాధా ఎక్కువ.

టర్బో కార్లకు ఇక్కడ ఒక స్వభావం ఉంది, దీన్ని కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. లీటరు, లీటరున్నర ఇంజనుకు టర్బో బిగించి 120, 150 హార్స్‌పవర్ రాబట్టిన కార్లు ఇవి. 1,500, 1,800 ఆర్‌పీఎం దాటాక దూకుతాయి. దానికి కింద, టర్బో ఇంకా ఊదడం మొదలుపెట్టకముందు, అది చిన్న ఇంజనే. ఎత్తులో ఏసీ వేసుకుని కదలాలంటే ఆగిపోతుందేమోనని భయం. అందుకని 2,500 దాకా లేపి మెల్లగా వదులుతారు. 1,500 తో పోలిస్తే వేడి రెండున్నర రెట్లకు పైనే. మామ చేసిందీ అదే. కారు శక్తిమంతమైనది కాబట్టి క్లచ్ పోయిందని అందరూ అన్నారు. నిజానికి కింది ఆర్‌పీఎంలో శక్తి చాలక పోయింది.

తోలే తీరులు

హైవే గురించి పెద్దగా చెప్పేది లేదు. 44వ నంబరు రహదారి మీద కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం దాకా ఎంత తిరిగినా క్లచ్‌కు విశ్రాంతే. ఎడమ కాలు పెడల్ మీద ఆనించి ఉంచితే తప్ప. ఆ ఆనించడం వల్ల ప్రెజర్ ప్లేటు నొక్కుడు కొంత సడలుతుంది, రిలీజ్ బేరింగు మీద అనవసరంగా భారం పడుతుంది. టర్బో ఇంజను పూర్తి టార్కు, అంటే తిప్పే బలం, ఇచ్చే సమయంలో ఆ కొద్ది సడలింపే ప్లేటు జారడానికి చాలు.

గట్టిగా తోలడంలో రెండు రకాలు ఉన్నాయి, వాటిని ఒకే గాట కట్టకూడదు. గేర్లు ఆర్‌పీఎం మీటరులోని ఎర్రగీత దాకా లాగి మార్చేవాడు ప్లేటుకు చేసే హాని తక్కువే. గేరు మారేటప్పుడు ప్లేటు సర్దుబాటు చేయాల్సింది బండి బరువును కాదు, ఇంజను తిరుగుడును మాత్రమే. బండిని ఆగిన చోటు నుంచి లేపడంతో పోలిస్తే అది చిన్న పని. గేరు దించేటప్పుడు యాక్సిలరేటరును ఒకసారి తట్టి ఇంజను వేగాన్ని కింది గేరుకు సరిపోయేలా కలిపేవాడైతే ఆ చిన్న పని కూడా దాదాపు మిగలదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న 3.7 కిలోమీటర్ల రేసు సర్క్యూట్ మీద సొంత కార్లతో రోజంతా తిరిగి వచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళ బ్రేకు ప్యాడ్లు, టైర్లు ఒక్కరోజులో కనిపించేంతగా అరిగిపోతాయి. క్లచ్ అరగదు, ఎందుకంటే ఒకసారి పిట్ (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటు) నుంచి కదిలాక ఇక ఆగి లేచే పని లేదు.

రెండో రకం ప్రమాదకరం. ఆగిన చోటు నుంచి ఒకదాని వెనక ఒకటి స్టార్టులు తీయడం. ఊరి బయట ఖాళీ బైపాస్ దొరికితే సున్నా నుంచి వందకు ఎన్ని సెకండ్లని ఫోన్లో కొలుస్తూ పదేపదే చేసే పని ఇది. ప్రజలు తిరిగే రోడ్డు మీద ఇది చేయనే కూడదు. ప్లేటు సంగతికి వస్తే, ఇక్కడ దాన్ని చంపేది మొత్తం వేడి కంటే ఆ వేడి పేరుకునే తీరు. ఫ్లైవీలు, ప్రెజర్ ప్లేటు కలిసి పది కిలోల ఇనుము అనుకుంటే 60 కిలోజౌళ్ళకు అవి సగటున 12 డిగ్రీలే వేడెక్కుతాయి. కానీ రాపిడి జరిగే పైపొర ఆ క్షణానికి అంతకు ఎన్నో రెట్లు కాగుతుంది. నిమిషాల తరబడి వ్యవధి ఇస్తే వేడి ఇనుములోకి పాకి, ఆపైన గాలిలోకి పోతుంది. వ్యవధి ఇవ్వకుండా పది స్టార్టులు తీస్తే, అప్పటికే 120 డిగ్రీలు పెరిగిన ఇనుము మీద పదకొండో స్టార్టు పడుతుంది. క్లచ్ ఉన్న డబ్బా మూసినట్టే ఉంటుంది, గాలి ఆడదు. మామూలు ప్లేట్ల పొరలో నారలను పట్టి ఉంచే రెసిన్ 250, 300 డిగ్రీలు దాటితే తట్టుకోలేదు, కాలి పైకి తేలి గాజులా పేరుకుంటుంది. మనకు వాసన వచ్చేది అప్పుడే. ఒకసారి గాజుబారిన ప్లేటుకు పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా కాగుతుంది. అందుకే వందసార్లు విడివిడిగా తట్టుకున్న ప్లేటు ఒక్క సాయంత్రంలో చచ్చిపోగలదు.

ఈ స్టార్టుల్లో చక్రాలు గిర్రున తిరిగి పొగ వచ్చిందంటే క్లచ్ కాలిపోయిందని చూసేవాళ్ళు అనుకుంటారు. ఆ సందర్భంలో జారేది టైరు, కాబట్టి ప్లేటు త్వరగా పట్టుకుంటుంది. దెబ్బ ప్లేటు మధ్యలోని స్ప్రింగులకు, డ్రైవ్‌షాఫ్టులకు, ఇంజను మౌంటులకు పడుతుంది. టైరు ఏమాత్రం జారని బండికే ప్లేటు కష్టం ఎక్కువ. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్ళే టర్బో కార్లలో స్టార్టులకు క్లచ్‌లు అంత త్వరగా పోవడానికి కారణం ఇదే. నాలుగు టైర్లూ నేలను వదలవు, జారడానికి మిగిలింది ప్లేటొక్కటే.

బైకు మీద నుంచి కారుకు వచ్చిన కుర్రాళ్ళకు ఒక మాట. బైకు క్లచ్‌లో నాలుగైదు ప్లేట్లు ఉంటాయి, చాలావరకు ఇంజను ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. ఆయిల్ వేడిని మోసుకుపోతుంది కాబట్టి హాఫ్ క్లచ్‌ను అవి చాలా ఓర్చుకుంటాయి. సిగ్నల్ దగ్గర గేరులో ఉంచి క్లచ్ ఆడిస్తూ ముందుకూ వెనక్కూ ఊగడం అక్కడ చెల్లుతుంది. కారులో ఒకే ప్లేటు, అదీ పొడి ప్లేటు. ఆ అలవాటును కారులోకి తెస్తే ఆయిల్ చేయాల్సిన పనిని ఆ ఒకటిన్నర మిల్లీమీటరు చేయాలి.

మే నెలలో కడప ఎండకు క్లచ్ తొందరగా పోతుందా అని కూడా అడుగుతారు. నేరుగా పెద్దగా కాదు. 200 డిగ్రీలు కాగే పొరకు బయట 30 ఉన్నా 43 ఉన్నా తేడా కొంచెమే. చుట్టుతిరిగి మాత్రం వస్తుంది. ఏసీ కంప్రెసరు కింది ఆర్‌పీఎంలో ఇంజను బలాన్ని కొంత తినేస్తుంది, దానికి బదులుగా కాలు ఆర్‌పీఎం పెంచుతుంది.

శక్తి పెంచుకున్నప్పుడు

మన పక్కనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడ తయారైన తొలి సెల్టోస్‌లలోనే 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఉంది, 242 న్యూటన్ మీటర్ల టార్కు. స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లలోని 1.5 టర్బోకు 250. ఇలాంటి కార్లకు ల్యాప్‌టాప్ పెట్టి ఇంజను సాఫ్ట్‌వేరు మార్పించి టార్కు పెంచుకోవడం ఇప్పుడు మన ఊళ్ళలో కూడా మొదలైంది. అది తోలడానికి ఎంత ఆనందంగా ఉంటుందో నాకు తెలుసు, వద్దని చెప్పను. క్లచ్ వైపు ఏం జరుగుతుందో మాత్రం తెలుసుకుని చేయాలి.

క్లచ్ ఎంత టార్కును జారకుండా మోయగలదన్నది నాలుగింటి గుణకారం: రెండు ముఖాలు, పొర రాపిడి గుణకం, స్ప్రింగు నొక్కుడు, ప్లేటు సగటు వ్యాసార్ధం. కంపెనీ కొంత మిగులు పెట్టే ఇస్తుంది. లెక్క కోసం 250 ఇచ్చే ఇంజనుకు 325 మోసే క్లచ్ పెట్టారనుకుందాం. సాఫ్ట్‌వేరుతో టార్కు 310కి పెరిగితే, చల్లగా ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. ఘాట్‌లో కాగి రాపిడి గుణకం ఐదో వంతు పడిపోయిందనుకోండి, ఆ 325 కాస్తా 260 అవుతుంది. పాత ఇంజనైతే అప్పుడు కూడా జారేది కాదు. కొత్త సాఫ్ట్‌వేరుతో జారుతుంది, అదీ కదిలేటప్పుడు కాదు, నాలుగో గేరులో లారీని దాటుతూ పూర్తిగా తొక్కినప్పుడు. మిగులు అనేది కంపెనీ వృథాగా వదిలిన శక్తి కాదు. అలసిన, కాగిన, సగం అరిగిన ప్లేటు కోసం దాచిన శక్తి. సాఫ్ట్‌వేరు ఖర్చు చేసేది దాన్నే.

అప్పుడు గట్టి క్లచ్ వేయించమంటారు. స్ప్రింగు బిగువు పెంచితే పెడల్ బరువెక్కుతుంది. సిరామిక్ బటన్ల ప్లేటు వేస్తే వేడిని చాలా బాగా తట్టుకుంటుంది, కానీ మెల్లగా పట్టుకోవడం దానికి తెలియదు, గబుక్కున కరుస్తుంది. టౌన్‌లో ప్రతి స్పీడ్‌బ్రేకరు దగ్గరా బండి కుదుపుతూ కదులుతుంది, ఫ్లైవీలు ముఖాన్ని కూడా అది త్వరగా తినేస్తుంది. పోటీలకు వెళ్ళే బండికి అది సరైనదే. ఇంటి బండికి మామూలు పొరతోనే నొక్కుడు కొంచెం పెంచిన సెట్టు నయమని నా అభిప్రాయం.

పెడల్ లేని కార్ల గురించి కొంచెమే చెబుతాను. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌లలో పెడల్ కనిపించదు గానీ ప్లేట్లు ఉంటాయి, అవీ అరుగుతాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల 7 గేర్ల డీక్యూ200 పెట్టెలో ఉన్నవి పొడి ప్లేట్లు. శక్తిమంతమైన ఆక్టేవియా వీఆర్‌ఎస్‌లో వాడినవి ఆయిల్‌లో మునిగిన ప్లేట్లు. బ్రేకు మీది నుంచి కాలు సగం తీసి అంగుళం అంగుళం పాకించడం, ఎత్తులో బ్రేకు బదులు యాక్సిలరేటరుతో ఆపుకోవడం పొడి ప్లేట్లకు అచ్చంగా హాఫ్ క్లచ్చే. కాలు చేసే తప్పును ఇక్కడ కంప్యూటరు చేత చేయిస్తాం.

ముందే పట్టుకోవడం

కేబుల్ ఉన్న పాత బండ్లలో ప్లేటు అరిగేకొద్దీ పెడల్ పట్టు పైకి వచ్చేది, కాలికే తెలిసేది. హైడ్రాలిక్ క్లచ్‌లు ఆ తేడాను తమంతట తామే సర్దుకుంటాయి, కాబట్టి కాలును నమ్మి కూర్చుంటే ఆలస్యమవుతుంది. మొదటి సంకేతం ఎప్పుడూ పై గేరులోనే వస్తుంది. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర నుంచి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు గబుక్కున లేచి, వేగం దాని వెంట రాకపోతే ప్లేటు జారుతోంది. టర్బో ఇంజను గరిష్ఠ టార్కు ఇచ్చేది అక్కడే కాబట్టి బలహీనత ముందు అక్కడే బయటపడుతుంది. మొదటి గేరులో కదిలేటప్పుడు కూడా జారే దాకా ఆగితే అప్పటికి రివెట్లు ఫ్లైవీలును గీస్తుంటాయి. ఒక ప్లేటుతో పోయేది ఫ్లైవీలు పని దాకా వస్తుంది.

మార్చేటప్పుడు ప్లేటు ఒక్కటే మార్చి డబ్బు మిగుల్చుకోవాలని అనిపిస్తుంది. గేర్‌బాక్సు దించి ఎక్కించే కూలీయే పెద్ద ఖర్చు. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి వేయించడమే మేలు. కాగిన స్ప్రింగు బిగువు తగ్గి ఉంటుంది, దాని కింద కొత్త ప్లేటు పెట్టినా మిగులు తిరిగి రాదు. ఫ్లైవీలు ముఖం మీద నీలం మచ్చలు, సన్నని పగుళ్ళు ఉన్నాయేమో దగ్గరుండి చూడాలి.

మామ కారుకు మూడూ వేశారు. కొత్త పొర, ఇనుప ముఖం ఒకదానికొకటి ఒద్దికగా కూర్చోవడానికి మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లు ఎత్తుల్లో బరువుతో పోవద్దని, ఆర్‌పీఎం లేపి వదలొద్దని భాయ్ చెప్పాడు. మామ ఆ అంకెను కాయితం మీద రాసుకుని డ్యాష్‌బోర్డులో పెట్టుకున్నాడు. 800 దాటాక రాయచోటిలో పెళ్ళికి నన్నూ ఎక్కించుకున్నాడు. ఘాట్ మొదటి మలుపులోనే లారీ ఆగింది. మామ బ్రేకు తొక్కి, హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఎడమ కాలు పెడల్ పక్కన నేల మీద పెట్టుకున్నాడు. లారీ పది అడుగులు కదిలింది. వెనక జీపు హారన్ కొట్టింది. “ఉండబ్బా, ఇంకొంచెం పోనీ” అని అద్దంలోకి చూస్తూ అన్నాడు. లారీ మలుపు తిరిగి కనుమరుగైన తర్వాతే మొదటి గేరు వేశాడు.